కల్లు బందైన మూడో రోజు

మా మండల కేంద్రంలో ఒక మెడికల్ షాపులో ఆరేళ్ళు పనిచేశాను. అప్పట్లో నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించింది అట్టవేసిన ఒక పొడుగాటి రిజిస్టరు. 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు అమల్లోకి వచ్చింది. ఆ జాబితాలో ఉన్న మందు ఏది అమ్మినా డాక్టరు పేరు, ఊరు, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో రాసిపెట్టాలి. ఆ పుస్తకాన్ని మూడేళ్ళు దాచాలి. నిద్రకు ఇచ్చే ఆల్ప్రాజోలం ఆ జాబితాలోదే. నిద్ర పట్టని రిటైర్డ్ సారుకు పావు మిల్లీగ్రాము గోళీలు పది ఇవ్వాలన్నా చీటీ చూసి, ఒక వరుస నింపి, సంతకం పెట్టేవాణ్ణి. ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఒక వరుసలో డాక్టరు పేరు లేదని అరగంట క్లాసు పీకాడు. తప్పు నాదే కాబట్టి నోరు మూసుకుని విన్నాను.

2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ బోయిన్‌పల్లి వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రిజిస్టరే. ఒక స్కూలు భవనంలో, ఒకపక్క పిల్లలకు తరగతులు నడుస్తుండగా, పైన ఆల్ప్రాజోలం తయారుచేస్తున్నారు. మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ విభాగం పోలీసులు వెళ్ళి పట్టుకున్నారు. సరుకు పోతున్నది మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు, మత్తు కోసం కల్లులో కలపడానికి. టీవీలు రెండు రోజులు స్కూలు గేటు చూపించాయి, మా వాట్సాప్ గ్రూపుల్లో అందరూ పిల్లల భద్రత గురించి బాధపడ్డారు. బాధపడాల్సిందే. కానీ వార్త చివర్లో ఉన్న ఆ కల్లు దుకాణాల ముక్క మీద మాత్రం ఎవరి కన్నూ ఆగలేదు.

కూర్చుని లెక్క వేశాను. కిలో ఆల్ప్రాజోలం అంటే పావు మిల్లీగ్రాము గోళీలు 40 లక్షలు. ఆరేళ్ళలో నేను సంతకాలు పెట్టి అమ్మిన గోళీల్లో ఉన్న మందంతా ఒకచోట పోస్తే రెండు మూడు చెంచాలు అవుతుందేమో.

డ్రగ్స్ అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేవి పబ్బులు, సినిమావాళ్ళు, కొరియర్ పార్సిళ్ళు, విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి మూటలు. జూన్ 26న పిల్లలతో ర్యాలీ. మా ఊళ్ళో ఆ ర్యాలీ హైస్కూలు నుంచి బయల్దేరి గ్రామ పంచాయతీ దాకా వెళ్తుంది. మధ్యలో కల్లు దుకాణం. ఒక ఏడాది నేను అక్కడే టీ తాగుతున్నాను. "డ్రగ్స్ వద్దు, జీవితం ముద్దు" అని అరుస్తూ పిల్లలు పోతుంటే, దుకాణం ముందు సిమెంటు గద్దె మీద కూర్చున్న ముసలివాళ్ళు మనవళ్ళను పేరు పెట్టి పిలిచి చేతులూపారు. పిల్లలూ ఊపారు. అందులో ఎవరికీ తేడా ఏమీ కనిపించలేదు. నాకు కనిపించిందంటే అది నా గొప్పతనం కాదు. 2015లో మా పెద్దమ్మకు జరిగింది చూశాను గనక.

దారం జారిపోయింది

మా పెద్దమ్మ బీడీలు చుడుతుంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊళ్ళు తెలిసినవాళ్ళకు ఇక విడిగా చెప్పక్కర్లేదు. పెదనాన్న పోయి చాలా ఏళ్ళైంది, అన్న మస్కట్‌లో ఉంటాడు. పొద్దున్నే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి నడుము వంగదు, వంగితే లేవదు. అప్పుడు రెండు సీసాల కల్లు. బీడీల పైసలు వచ్చిన రోజు మూడు. అందులో దాపరికం ఏమీ లేదు. మా దగ్గర ఆడవాళ్ళు కల్లు తాగడం తప్పు కాదు. ఎల్లమ్మకు సాక పోసేది కల్లే, చావుకు పోయినా పెళ్ళికి పోయినా కల్లే. మందు తాగే మగవాణ్ణి తిట్టే నోటితోనే "ఇయ్యాల కల్లు మంచిగున్నది" అంటారు.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఎక్సైజువాళ్ళు గట్టిగా పడ్డారు. మా చుట్టుపక్కల కల్లు డిపోలు, దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. కొన్నిచోట్ల తెరిచే ఉన్నా, భయంతో మత్తుమందు కలపకుండా అమ్మారు. మా దృష్టిలో అది మంచి వార్తే. మా షాపు ఓనరు "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అన్నాడు, నేనూ తలూపాను.

మొదటి రోజు పెద్దమ్మ నిద్రపోలేదు. రెండో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి చాట ముందు కూర్చుని ఉంది. తునికాకు కత్తిరించింది, తంబాకు పోసింది, చుట్టింది. దారం కట్టే దగ్గర వేళ్ళు నిలవడం లేదు. చుట్టిన బీడీ విప్పుకుపోతోంది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ విప్పుకుంది. నలభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని. "చేతులకు ఏమైతాందో సమజైతలేదు కొడుకా" అంది. చెమట కారుతోంది. జ్వరం అనుకుని షాపు నుంచి పారాసిటమాల్ తెచ్చి ఇచ్చాను. మందుల షాపులో పనిచేసేవాడి తెలివి ఆపాటిది.

మూడో రోజు మధ్యాహ్నం గోడ మీద చీమలు పాకుతున్నాయని కొంగుతో కొట్టడం మొదలుపెట్టింది. చీమలేవీ లేవు. తర్వాత పెదనాన్నను పిలిచింది. ఆ తర్వాత ఫిట్స్.

ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి మా పెద్దమ్మ లాంటివాళ్ళు వరండా నిండా ఉన్నారు. కొందరిని మంచాలకు చీరలతో కట్టేసి ఉంచారు. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ అన్నిచోట్లా అదే పరిస్థితి అని తర్వాత పేపర్లలో చదివాం. కొందరు చనిపోయారు కూడా. మమ్మల్ని చూసిన డాక్టరు కుర్రవాడు, అప్పటికి ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో. నన్ను అడిగింది ఒకే ప్రశ్న: "రోజూ ఎన్ని సీసాలు?"

రెండు, ఒక్కోరోజు మూడు అన్నాను. ఆయన ఒక క్షణం ఆగి, వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టి, డయాజిపామ్ ఇంజెక్షన్ రాశాడు. మన పేపర్లు డైజోఫాం అని రాసేది దాన్నే. నిన్నటిదాకా ఆమె సీసాలో తాగిన జాతి మందే, ఇవాళ సూదిలో. ఒక్కసారిగా ఆపితే మెదడు తట్టుకోలేదని, అందుకే అదే జాతి మందు ఇచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గించాలని తర్వాత ఆయనే చెప్పాడు. "కష్టం ఏంటంటే ఆ సీసాలో ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. కలిపినవాడికి కూడా తెలియదు. సీసాలు గోళీల్లోకి అందాజాగా మార్చుకుంటున్నాం."

ఆ వారం నా రిజిస్టరులో మా పెద్దమ్మ పేరు రాశాను. డాక్టరు పేరు, మందు పేరు, ఎన్ని. ఎన్నో ఏళ్ళుగా తాగుతున్న మందు మొదటిసారి ఆమె పేరు మీద లెక్కలోకి వచ్చింది.

ఇంకొకటి కూడా జరిగింది, అది చెప్పకుండా దాటేస్తే ఇదంతా రాయడం దండగ. అదే వారంలో ఒకాయన కౌంటరు దగ్గరికి వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, సుతారి పని. చేతులు వణుకుతున్నాయి. "రెండు నిద్ర గోళీలు ఇయ్యి బిడ్డా, మూడొద్దులాయె కన్ను మూత పడ్తలేదు." చీటీ లేదు. ఇవ్వనన్నాను. బతిమిలాడాడు, ఏడ్చాడు. లైనులో వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఇవ్వలేదు. మర్నాడు బస్టాండులో పడిపోయి తల పగిలిందని తెలిసింది. బతికాడు. చట్టప్రకారం నేను చేసింది సరైనదే, చీటీ లేకుండా ఆ గోళీలు ఇవ్వడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. అయినా ఇంతకాలం తర్వాత కూడా ఆ రెండు గోళీల సంగతి నాకు తేలలేదు.

ఒక్క సీసా బరువు

ఆ తర్వాతే నాకు చట్టం మీద ఆసక్తి పుట్టింది. నేను లాయర్ని కాను. కానీ ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, చదవడానికి మరీ కష్టమేమీ కాదు. దాని గుండెకాయ తూకం. ఏ మందు ఎన్ని గ్రాములు దొరికిందన్న దాన్నిబట్టి శిక్ష. ఆల్ప్రాజోలం 5 గ్రాముల వరకు చిన్న మొత్తం, 100 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం. చిన్న మొత్తానికి ఏడాది దాకా జైలు, వాణిజ్య మొత్తానికి పదేళ్ళకు తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా. వాణిజ్య మొత్తం అయితే 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడమే గగనం. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజులు గడువు.

మరి మందు వేరేదానిలో కలిపి ఉంటే ఏది తూచాలి? మందునా, మొత్తాన్నా? దీని మీద చాలాకాలం గొడవ నడిచింది. 2008లో సుప్రీంకోర్టు అసలు మందు బరువే లెక్క అంది. 2009లో కేంద్రం మొత్తం బరువు లెక్కకు వచ్చేలా నోటిఫికేషన్ మార్చింది. 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి కలిపిన పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని తేల్చింది. హెరాయిన్‌లో పౌడర్ కలిపి అమ్మేవాళ్ళను దృష్టిలో పెట్టుకుంటే అందులో న్యాయం ఉంది. వీధిలో అమ్ముడయ్యేది స్వచ్ఛమైన హెరాయిన్ కాదు, ఆ కలిపిన సరుకే.

అదే లెక్క మా పెద్దమ్మ సీసాకు పెట్టండి. సీసా కల్లు 650 గ్రాములు అనుకుందాం. కల్లును కూడా ఉత్త కలుపుడు పదార్థంగా చూస్తే, ఒక్క సీసా చేతిలో ఉన్న ముసలమ్మ వాణిజ్య మొత్తానికి ఆరు రెట్లు పట్టుకుని ఉన్నట్టు. పదేళ్ళకు తగ్గని శిక్ష. ఏ పోలీసూ ఇలా కేసు పెట్టడు, ఏ కోర్టూ ఒప్పుకోదనే నా నమ్మకం. నేను చెప్పేది అది కాదు. కల్లు సీసా పెట్టగానే ఇంత విడ్డూరంగా ఊగిపోయే తక్కెడను, రాసినవాళ్ళు కల్లు దుకాణాన్ని చూసి రాసుండరు.

తాగడం మీద 27వ సెక్షన్ ఉంది. ఆల్ప్రాజోలం లాంటివి వాడితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. తెలియక తాగాను అంటే? 35వ సెక్షన్ ఉంది. నిందితుడు తెలిసే చేశాడని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 64ఏ ఒక్కటే కాస్త ఊరట. వ్యసనపరుడు తానే ముందుకు వచ్చి సర్కారు గుర్తించిన చోట చికిత్స తీసుకుంటే విచారణ ఉండదు. పూర్తిగా తీసుకోకపోతే ఆ రక్షణ తీసేయవచ్చు. మంచి సెక్షనే. కానీ అది వ్యసనపరుణ్ణని తెలిసినవాడి కోసం రాసింది. మా పెద్దమ్మను ఏ పోలీసూ పట్టుకోలేదు కాబట్టి ఆమెకు రక్షణ అక్కర్లేదు, తాను మాదకద్రవ్యం తాగుతున్నట్టు ఆమెకు తెలియదు కాబట్టి చికిత్సకు వెళ్ళదు. చట్టంలో ఆమెకు కుర్చీ లేదు.

71వ సెక్షన్ చదివినప్పుడు నాకు నిజంగా చిరాకేసింది. చికిత్స కేంద్రాల గురించి ఉన్న సెక్షన్ అది. ప్రభుత్వం తనకు తోచినన్ని కేంద్రాలు పెట్టవచ్చు, అంటుంది. పెట్టవచ్చు. శిక్షల దగ్గర ఎక్కడా "విధించవచ్చులే" అన్న ధోరణి కనబడదు, అక్కడ కనీసం పదేళ్ళు.

మందు ముట్టను సారూ

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించిన సర్వే బయటికొచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్లు. డాక్టరు చెప్పకుండా మత్తు మాత్రలు వాడేవాళ్ళు 1.08 శాతం. మా పెద్దమ్మ ఇందులో ఏ గడిలో పడుతుంది?

మా ఊరి ఆశా వర్కరు బీపీ, షుగర్ సర్వేకి వచ్చినప్పుడు ఒకసారి నేను అక్కడే ఉన్నాను. "మందు తాగుతవా అవ్వా?" "థూ, మందు నేను ముట్ట." నిజమే చెప్పింది. మా భాషలో మందు వేరు, కల్లు వేరు. నిద్రగోళీలు వేసుకుంటావా అంటే అదీ లేదు. కాగితం మీద మా పెద్దమ్మకు ఏ అలవాటూ లేదు. ఆశా వర్కరు నవ్వుకుంటూ టిక్కు పెట్టి పోయింది, ఆమె అత్తగారూ రోజూ దుకాణానికే పోతుంది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే కథ మళ్ళీ నడిచింది. ఈసారి కల్లుతోపాటు మందు కూడా బంద్. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరస కట్టారు. 2015లో జరిగింది ఐదేళ్ళలో ఎవరికీ గుర్తులేదు. లాక్‌డౌన్‌కు ముందు హెచ్చరిక ఎలాగూ లేదు, దాన్ని వదిలేద్దాం. హైదరాబాద్ సంగతి చూడండి. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూశారు. 2014లో తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్లు కాంపౌండ్లలో, అంటే దుకాణాల్లో, తాగినవాళ్ళు పదుల సంఖ్యలో నిమ్స్, గాంధీ ఆస్పత్రుల్లో చేరారు, పలువురు చనిపోయారు. పరీక్షల్లో ఆల్ప్రాజోలం తేలింది. లైసెన్సులు పోయాయి, అరెస్టులు జరిగాయి. జరగాల్సిందే. కానీ ఆ కాంపౌండ్లకు రోజూ వచ్చే మిగతా జనం, జబ్బు పడనివాళ్ళు, మర్నాటి నుంచి ఎక్కడికి పోయారు? మూడో రోజు వాళ్ళ చేతులు ఎలా ఉన్నాయి? నేను చదివిన వార్తల్లో ఆ ముక్క ఎక్కడా కనబడలేదు.

నేను ఇంత దూరం వచ్చి చెప్పాలనుకున్నది ఒక్కటే. కల్లు దుకాణం మూయడం పోలీసు పని ఒక్కటే కాదు. ఒక ఊరి జనానికి రోజూ అందుతున్న మందును ఒక్కరోజులో ఆపేయడం అది. తగ్గిస్తూ పోయే మాత్రలు ఆ ఊరికి దగ్గర్లోని పీహెచ్‌సీలో ఉండాలి, ఇవ్వడం తెలిసిన మనిషి ఉండాలి. అవి లేకుండా వేసే తాళం కల్తీ చేసినవాడికి ఒక నెల నష్టం, తాగేవాడికి ప్రాణగండం.

నా క్లాస్‌మేటు వాదన

నాతో చదువుకున్నవాడు ఒకడు ఎక్సైజులో ఉన్నాడు. మొన్న ఒక పెళ్ళిలో కలిస్తే ఈ మాటే అన్నాను. వాడు బిర్యానీ తింటూ నన్ను ఓపిగ్గా కడిగేశాడు.

"ఒరే, రెయిడ్ సంగతి రెండు రోజుల ముందు ఆస్పత్రికి చెప్పాననుకో. ఆస్పత్రిలో డాక్టరుకు తెలిసేలోపు డిపోవాడికి తెలుస్తది. నేను పోయేసరికి అక్కడ చెట్టు కల్లు, ఎల్లమ్మ ఫొటో, అగరుబత్తి."

నిజమే. నేను ఒప్పుకున్నాను. కానీ రెయిడ్ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఏ ఊళ్ళో దుకాణం ఉందో అందరికీ తెలుసు. ఆశా వర్కరు కాగితంలో "మందు తాగుతావా" అన్నదాని కింద "కల్లు, రోజుకు ఎన్ని సీసాలు" అని ఒక్క వరుస పెడితే చాలు. ఆ పీహెచ్‌సీలో ఎప్పుడూ కొంత స్టాకు. దుకాణం ఏ రోజు మూసినా ఆ సాయంత్రం ఎవరింటికి పోవాలో తెలుస్తుంది. ఇది చెబితే వాడు, "ఆ గోళీలు బయటికి పోవని గ్యారంటీ ఏంది? నువ్వు కౌంటరు మీద ఉన్నోనివి, నీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. పోతాయి, కొన్ని. ఎన్ని పోతాయో, వాటివల్ల ఎంత నష్టమో, ఫిట్స్ వచ్చి నీళ్ళ తొట్టిలో పడేవాళ్ళతో పోల్చి చూసుకోవాలి. నాకైతే లెక్క ఒకవైపే మొగ్గుతోంది. వాడికి మొగ్గలేదు.

ఆ తర్వాత వాడు అసలు దెబ్బ కొట్టాడు. "తాగేటోళ్ళకు తెల్వదనుకుంటున్నవా? మందు తక్కువైతే వాళ్ళే లొల్లి పెడ్తరు."

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. మా పెద్దమ్మే స్వచ్ఛమైన ఈత కల్లు ఇస్తే "నీళ్ళ లెక్కున్నది, కిక్కు లేదు" అని మూతి తిప్పింది. పట్నం నుంచి వచ్చిన మా బావ అదే కల్లు ముంతలో పోసుకుని, ప్రకృతి, ఆరోగ్యం అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఏదో కలుపుతారని ఊళ్ళో అందరికీ తెలుసు. కొందరు "సీహెచ్" అంటారు, అది క్లోరల్ హైడ్రేట్. కొందరు ఉత్తగా "పౌడరు" అంటారు. పౌడరు కలుస్తోందని తెలియడం, ఇది ఆపితే ఫిట్స్ వస్తాయని తెలియడం, రెండూ ఒకటి కాదు. మొదటిది పెద్దమ్మకు తెలుసు. రెండోది మందుల షాపులో ఉన్న నాకే తెలియలేదు. పారాసిటమాల్ ఇచ్చాను.

అయినా అన్నీ తెలిసే తాగింది అనుకుందాం. తెలిసి గంజాయి పీల్చే కాలేజీ కుర్రాడికి డీ-అడిక్షన్ సెంటరు ఉండాలని ఇవాళ పోలీసు పెద్దలే అంటున్నారు. తల్లిదండ్రులు ధైర్యంగా డ్రగ్స్ హెల్ప్‌లైన్ 1908కి ఫోన్ చేయాలని పోస్టర్లు. కుర్రాడికి చదువుంది, భవిష్యత్తు ఉంది, కాపాడుకోవాలి. ముసలమ్మకు ఏముంది అనేనా?

చెట్లు లేవు

కల్లు మీద రాస్తే గీత కార్మికుల మీద రాసినట్టే అని కొందరు నొచ్చుకుంటారు, అందుకే ఇది. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని తాడెక్కేవాడికీ, ఆల్ప్రాజోలం పాకెట్లు తెప్పించే డిపో నడిపేవాడికీ చాలాచోట్ల సంబంధమే లేదు. చెట్టు మీదినుంచి పడి నడుములు విరిగేది మొదటివాడికి, లాభం రెండోవాడికి. మా ఊరి చుట్టూ నా చిన్నప్పుడు ఉన్న ఈత వనం ఇప్పుడు ప్లాట్లు. చెట్లు తగ్గాయి, కల్లు మాత్రం తగ్గలేదు, ఏడాది పొడుగునా అదే ధరకు కావలసినంత దొరుకుతోంది. నీళ్ళు, శాకరిన్, పులుపుకు నిమ్మ ఉప్పు, నురగకు ఏదో ఒకటి, మత్తుకు పౌడరు. అందులో ఎక్కువ భాగం చెట్టు దిగింది కాదు, ట్యాంకర్ దిగింది. ఇది ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన లెక్క, ఇన్ని చెట్లకు ఇన్ని సీసాలు రావని. ఆ లెక్క ఆఫీసుల్లో ఎందుకు తేలదో నాకు అర్థం కాదు. చెట్ల రికార్డు ఎక్సైజు శాఖ దగ్గరే ఉంటుంది కదా.

నెక్లెస్ రోడ్డులో సర్కారు నీరా (పులియని తాజా చెట్టు రసం) కేఫ్ పెట్టినప్పుడు చూడటానికి వెళ్ళాను. శుభ్రంగా ఉంది, నీరా చల్లగా, తియ్యగా ఉంది. మా పెద్దమ్మ అక్కడికి రాదు. వచ్చినా కిక్కు లేదంటుంది.

ఇప్పుడు

పెద్దమ్మకు ఆరువారాలు పట్టింది. గోళీలు మూడు పూటల నుంచి రెండుకు, రెండు నుంచి రాత్రికి ఒకటికి, తర్వాత సగానికి. ప్రతి చీటీ నా రిజిస్టరులో ఉంది. సగం గోళీ రోజుల్లో మళ్ళీ బీడీకి దారం కట్టగలిగింది. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్తే, కట్టిన బీడీ ఒకటి నా చేతిలో పెట్టి చూడమంది. గట్టిగా ఉంది.

అప్పటికే దసరా వచ్చింది, దుకాణం మళ్ళీ తెరుచుకుంది. మొదట పండగకని ఒక సీసా. సంక్రాంతికల్లా రెండు. నేను అరిచాను, అన్న మస్కట్ నుంచి ఫోన్లో అరిచాడు. నడుము నొప్పికి వేరే దారి మేమేమీ చూపించలేదు, బీడీలు మానమని చెప్పే స్థితీ మాకు లేదు.

బోయిన్‌పల్లి వార్త వచ్చిన వారం ఊరికి వెళ్ళాను. ఈసారి కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ఆ పౌడరు ఏమిటో, బడిలో ఎలా దొరికిందో, పోలీసులు మళ్ళీ ఊళ్ళమీద పడతారని, ఇంకోసారి ఒక్కసారిగా బందైతే ఏమవుతుందో. చాటలో చేతులు ఆడిస్తూనే అంతా విన్నది. అర్థమైందా అని అడిగాను.

"అయింది కొడుకా. అయితే ఇగ బందయ్యేముందు నాకొక ఫోను కొట్టు. నాలుగు సీసలు దాసుకుంట. దినానికి ఇంతింత తగ్గించుకుంట తాగుత."